రాలిపోయిన ‘అట’: మన గ్రూపుల అడ్మిన్లకు ఒక టీచర్ బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కాలనీ గ్రూపులు, ఊరి గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు, పాత విద్యార్థుల గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లందరికీ నమస్కారం.

మీలో కొంతమంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. పాకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, తర్వాత తిరుపతి చుట్టుపక్కల ఇంకో రెండు స్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా సోషల్ చెప్పాను. రిటైరయ్యాక తిరుపతిలోనే ఉంటున్నాను. నా ఫోన్లో పదకొండు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఒక్కదానికీ నేను అడ్మిన్ని కాను. అందుకే చెప్పాల్సింది మీకు చెబుతున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మీ గ్రూపులో ఎవరు ఏ వార్త పెట్టినా అది ఏ రోజుది, ఏ ఊరిది, ఎవరు చెప్పారు అనేది పైన రాయించండి. ఆ మూడు ముక్కలూ లేకపోతే దాన్ని గ్రూపులో ఉంచకండి. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు ఉత్తరం ఎందుకమ్మా అంటారేమో. చదవండి.

2021 నవంబర్‌లో, కార్తీక పౌర్ణమి రోజుల్లో పడిన వాన మీరెవరూ మర్చిపోయి ఉండరు. కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి ఎర్రగా దూకిన నీళ్ళు, నిండుగా పారిన స్వర్ణముఖి, నడుము లోతు నీళ్ళలో కాలనీలు. వాన కాస్త తెరిపి ఇచ్చాక, 21వ తేదీ ఆదివారం, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ పడిందని బయటపడింది. రాయల కాలం నాటి పెద్ద చెరువది. కట్ట కింద ఊళ్ళవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసి ఎత్తైన చోటికి వెళ్ళిపోవాలని అధికారులు చెప్పారు. అది నిజమైన వార్త, ప్రాణాలు కాపాడే వార్త. ఆ ఊళ్ళలో ఒకదాంట్లో మా చెల్లెలు ఉంటుంది.

ఆ రాత్రి వాళ్ళు బట్టలు, బియ్యం మూటగట్టుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని ఎదురుచూస్తున్నారు. దూడను విప్పడానికి మా మరిది కొట్టంలోకి పోయాడు. పది దాటాక బంధువుల గ్రూపులో ఒక వీడియో పడింది. గట్టు తెగి నీళ్ళు భళ్ళున మీదికి వస్తున్నాయి. కింద ‘రాయలచెరువు తెగిపోయింది, పారిపోండి’ అని రాసుంది. ఊళ్ళో కరెంటు లేదు. ట్రాక్టర్ కోసం ఆగకుండా అందరూ చీకట్లోనే పరుగు తీశారు. మా చెల్లెలి అత్తకు అప్పటికే ఎనభై దాటాయి. వాకిట్లో మెట్టు దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

చెరువు తెగలేదు. ఆ రాత్రీ తెగలేదు, ఆ తర్వాతా తెగలేదు. ఇసుక బస్తాలు వేసి, రోజుల తరబడి కాపలా కాసి ఆ కట్టను నిలబెట్టారు. ఆ వీడియో ఎక్కడిదో ఈరోజుకీ మాకు తెలియదు. అందులో అరుస్తున్నవాళ్ళ భాష తెలుగు కాదు, అరవం కూడా కాదు. ఆ పెద్దామె మళ్ళీ లేచి నడవలేదు. ఏడాదిన్నర మంచంలోనే ఉండి కన్నుమూసింది.

ఇంకో నష్టం కూడా జరిగింది. దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. మర్నాడు పొద్దున రెవెన్యూవాళ్ళు ఆ వీధికి వచ్చి, ప్రమాదం పోలేదు, అందరూ కదలాలి అని చెబితే, రాత్రి పరిగెత్తి తిరిగొచ్చినవాళ్ళలో కొందరు ‘రాత్రి కూడా ఇట్లాగే అన్నారు లెండి’ అని గడపలోనే కూర్చున్నారు. వాళ్ళను లేపేసరికి మధ్యాహ్నమైంది.

ఆ వీడియో పంపింది పరాయివాడు కాదు. బెంగళూరులో ఉండే మా బంధువుల అబ్బాయి. మంచి పిల్లవాడు, వాళ్ళు బతకాలనే పంపాడు. తర్వాత నేను అడిగాను: ‘ఎప్పటిది నాయనా అది? ఎవరు తీశారు?’ ‘తెలీదు పెద్దమ్మా. వచ్చింది, పంపాను.’

వచ్చింది, పంపాను. మీ గ్రూపుల్లో రోజూ జరుగుతున్నదంతా ఈ రెండు మాటల్లో ఉంది.

మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. కానీ ఆమె మాటలో ఒక పద్ధతి ఉండేది. పక్కవీధి ఆవు ఈనడం తను కళ్ళారా చూస్తే ‘ఆవు ఈనింది’ అనేది. ఎవరో చెబితే ‘ఈనిందట’ అనేది. పొరపాటున కూడా ఈ రెండూ కలిపేది కాదు. మనందరి మాటా అంతే. ‘వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చిందట’, ‘రేపు నీళ్ళు రావట’. చూసినదానికీ విన్నదానికీ తేడా చెప్పడానికి మన భాష మనకు ఒక చిన్న అక్షరం ఇచ్చింది. నోటితో చెప్పినప్పుడు మన ప్రమేయం లేకుండానే అది వచ్చేస్తుంది. ఫోన్లో ఫార్వర్డ్ చేసినప్పుడు మాత్రం అది రాలిపోతుంది. ఎవరో ‘తెగిందట’ అన్నది నాలుగు గ్రూపులు దాటేసరికి ‘తెగింది’ అవుతుంది. నేను అడుగుతున్న తేదీ, ఊరు, చెప్పినవాళ్ళ పేరు, ఈ మూడూ ఆ రాలిపోయిన ‘ట’ను తిరిగి పెట్టడానికే.

నా దగ్గర చదివినవాళ్ళకు ప్రేయర్ గుర్తుండాలి. ప్రతిజ్ఞ అయ్యాక ‘నేటి వార్తలు’. ఆ రోజు వంతు వచ్చిన పిల్లలు పొద్దున పావుతక్కువ ఏడుకి ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వినో, టీ కొట్టు దగ్గర పేపరు చూసో, ఐదు వార్తలు కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు. స్టాఫ్ రూము పక్కనున్న బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాళ్ళు. బోర్డు మధ్యలో నేను నిలువుగా ఒక గీత గీయించేదాన్ని. ఎడమవైపు వార్త, కుడివైపు అది ఎక్కడ విన్నారో, ఎందులో చదివారో. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ వార్త చదవడానికి లేదు.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడు క్వార్టర్లీ పరీక్షలు వారం వాయిదా పడ్డాయని చదివేశాడు. కుడివైపు ‘బస్సులో విన్నాను’ అని రాసి ఉంది. నేను ఆ రోజు బోర్డు చూడలేదు, ఆ తప్పు నాదే. పరీక్షలు వాయిదా పడలేదు. మర్నాడు ప్రేయర్లో వాణ్ణి మళ్ళీ నిలబెట్టాను. ‘నిన్న నేను చదివిన వార్త తప్పు. పరీక్షలు సోమవారమే మొదలవుతాయి’ అని నాలుగు వందల మంది ముందు చదివాడు. చెవులు ఎర్రబడిపోయాయి పాపం. ఎవరైనా నవ్వుతారేమోనని వరసలన్నీ చూస్తూ నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాదంతా వాడి వంతు వచ్చిన రోజు పిల్లలు ఇంకొంచెం శ్రద్ధగా వినేవాళ్ళు. వాడు ఇప్పుడు మీలో ఒక అడ్మిన్. ఇది చదివితే వాడికి గుర్తొస్తుంది.

ఇప్పటి నా అలవాటు కూడా చెబుతాను. అందరూ ఇట్లాగే చేయాలని కాదు, చేయడం కష్టం కాదని తెలియడానికి. టిఫిన్ అయ్యేదాకా ఫోన్ ముట్టుకోను. పేపరు రాగానే మెయిన్ పక్కన పెట్టి ముందు జిల్లా పేజీలు తీస్తాను. ఢిల్లీలో ఏం జరిగిందో సాయంత్రంలోపు ఎవరో ఒకరు చెబుతారు. మా వైపు కరెంటు ఎప్పుడు తీస్తారో, ఏ రోడ్డు మూసేస్తారో జిల్లా పేజీ తప్ప చెప్పే దిక్కు లేదు. 1982లో ఈనాడు తిరుపతి నుంచి అచ్చవడం మొదలయ్యాక, మన మండలం పేరు పొద్దున్నే పేపర్లో చూసుకోవడం ఎంత కొత్తగా ఉండేదో మా వయసువాళ్ళకు తెలుసు. అంతకుముందు పేపరు బయటి ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేది, మన ఊరి సంగతి అందులో ఉంటే అదృష్టం.

ఇంటికి ఒక పేపరే వేయించుకుంటాను. రెండోది గ్రంథాలయంలో చూస్తాను. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, కాబట్టి అక్కడున్న పేపర్లు మన డబ్బుతో వచ్చినవే, మొహమాటం లేకుండా వెళ్ళండి. రెండు పేపర్లు ఎందుకంటే, మన రాష్ట్రంలో ఏ పేపరు ఏ పార్టీ వైపు మొగ్గుతుందో పిల్లలకు కూడా తెలుసు. ఒకే మీటింగుకు ఒకదాంట్లో జనం పోటెత్తుతారు, ఇంకోదాంట్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని, రెండింట్లోనూ ఒకేలా ఉన్నది ఏమిటో చూస్తాను. మీటింగు ఫలానా రోజు జరిగింది, ఫలానా మంత్రి వచ్చారు, ఫలానా పనికి ఇంత డబ్బు ఇస్తామన్నారు. అంతవరకు నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటాను. ఆర్నెల్ల తర్వాత ఆ పని మొదలైందో లేదో చూసుకోవడానికి ఆ నోట్‌బుక్కే ఆధారం.

వాక్యం చివర క్రియ కూడా చూస్తాను. ‘కలెక్టర్ తెలిపారు’ అని ఉంటే ఆ మాటకు ఒక మనిషి బాధ్యత తీసుకున్నట్టు. ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘జోరుగా చర్చ సాగుతోంది’ అని ఉంటే అక్కడ ఎవరూ లేరు. అచ్చులో వచ్చినా అది ‘అట’ కిందే లెక్క.

వాన పడితే చాలు, ప్రతి ఏడాదీ మా కాలనీ గ్రూపులో ‘రేపు స్కూళ్ళకు సెలవు’ అని కలెక్టర్ ఉత్తర్వు ఫోటో తిరుగుతుంది. మొన్నామధ్య వచ్చినదాన్ని పెద్దది చేసి చూశాను. పైన చిత్తూరు జిల్లా కలెక్టర్ అని ఉంది. తిరుపతి 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా. చిత్తూరు కలెక్టర్ తిరుపతి బడులకు సెలవు ఎట్లా ఇస్తారు? కింద తేదీ సగం కత్తిరించి ఉంది. మా పక్కింటి అమ్మాయి అది నమ్మి పాపను బడికి పంపలేదు, ఆ రోజు పాపకు యూనిట్ టెస్టు. ‘రెడ్ అలర్ట్’ సంగతీ ఇంతే. వాతావరణ శాఖ పసుపు రంగు ఇస్తే గమనిస్తూ ఉండమని, నారింజ ఇస్తే సిద్ధంగా ఉండమని, ఎరుపు ఇస్తే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఆ హెచ్చరిక ఫలానా జిల్లాలకు, ఫలానా రోజుకు మాత్రమే. తేదీ తీసేసి రంగు మాత్రం పంపితే జనానికి మిగిలేది టెన్షనే.

చిరుత సంగతి కూడా చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుత బారిన పడి చనిపోయింది. ఆ బాధ ఊరంతా పడింది. శేషాచలం అడవి మన గుమ్మంలోనే ఉంది, యూనివర్సిటీ వైపు చిరుతలు కనిపించడం కొత్తేమీ కాదు. అందుకే ఆ నెలలో ఏ వీడియో వచ్చినా నమ్మబుద్ధి అయ్యేది. ఒక రాత్రి ‘మన కాలనీ నాలుగో క్రాస్’ అంటూ చిరుత గోడ దూకే వీడియో పెట్టారు. మా మనవడు, నేను కూర్చుని నాలుగుసార్లు ఆపి ఆపి చూశాం. గోడ పక్కన దుకాణం బోర్డు కన్నడంలో ఉంది. అదే గ్రూపులో రాశాను. ‘పోనీలెండి టీచర్, జాగ్రత్తగా ఉండటం మంచిదే కదా’ అని ఒకరు అన్నారు. మా వీధి ఊడ్చే ఆమె తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా వస్తుంది. ఎవరో చెబితే విని భయపడి రెండు రోజులు పనికి రాలేదు. ఆమె ఆ గ్రూపులో లేదు, ఆమెకు స్మార్ట్‌ఫోనే లేదు. రెండు రోజుల కూలి మాత్రం పోయింది. మనం పంచే భయం మన గ్రూపు దాటి ఎంత దూరం పోతుందో ఆమెను చూశాకే నాకు బాగా అర్థమైంది.

మంచి సందేశం ఎట్లా ఉంటుందో కూడా నేను ఒక గ్రూపులోనే నేర్చుకున్నాను. బంగారుపాళ్యం వైపు మావాళ్ళకు తోతాపురి మామిడి తోట ఉంది. 2025 సీజన్లో ధర పడిపోయి రైతులు ఎంత ఏడ్చారో మీకు తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. కానీ గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. ఎక్కడ దించుకుంటున్నారు, ఎంత ఇస్తున్నారు అన్నది ఆ రోజుల్లో రైతుకు అన్నిటికన్నా పెద్ద వార్త. కాయ ఆగదు, ఒక రోజు తేడా వస్తే పారబోయాల్సిందే. మావాళ్ళ గ్రూపులో ఒక రైతు పెట్టిన సందేశం నేను నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను:

‘ఈరోజు గురువారం, పొద్దున 6:20. గేటు దగ్గరే ఉన్నా. నా ముందర 63 ట్రాక్టర్లు. టోకెన్లు పదికి ఇస్తామని వాచ్‌మన్ చెప్పినాడు. రేటు సంగతి ఇంకా ఎవరూ చెప్పలా.’

చూడండి. రోజు ఉంది, టైము ఉంది, తను ఎక్కడున్నాడో ఉంది. చూసింది ఏమిటో, విన్నది ఏమిటో, ఎవరు చెప్పారో విడివిడిగా ఉంది. తెలియనిది తెలియదని కూడా రాశాడు. పదో తరగతి కూడా గట్టెక్కని మనిషి ఆయన. ఇరవై ఏళ్ళు నేను బోర్డు మీద గీత గీసి నేర్పాలని చూసింది ఈయన ఎండలో ట్రాక్టర్ మీద కూర్చుని ఐదు ముక్కల్లో రాశాడు. ఆ సందేశం చూసి మావాళ్ళు ఆ రోజు కాయ కోయడం ఆపారు.

మీరు అనొచ్చు, సభ్యులు పంపినదానికి మేమేం చేస్తాం అని. చట్టం విషయంలో మీరు భయపడాల్సిన పని లేదు. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. నేను కేసుల గురించి మాట్లాడటం లేదు. ఎవరి సందేశాన్నైనా అందరికీ కనిపించకుండా తీసేసే వీలు మీ చేతిలో ఉంది. వరద రాత్రి లాంటప్పుడు అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా మార్చే వీలూ ఉంది. మామూలు సభ్యులకు అవి లేవు.

ఫార్వర్డ్ గుర్తు ఎందుకు వచ్చిందో కూడా గుర్తుంచుకోండి. 2018 మేలో, మనకు దగ్గర్లోనే, తమిళనాడు తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి పోతూ దారిలో పిల్లలకు చాక్లెట్ ఇచ్చిన ఒక పెద్దామెను, పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని కొట్టి చంపారు. అట్లాంటి పుకార్లు ఆ రోజుల్లో ఫోన్ల నిండా తిరిగాయి, మన వైపూ వచ్చాయి. అవి దేశంలో చాలామందిని బలి తీసుకున్నాకే, ఆ జూలైలో వాట్సాప్ ఫార్వర్డ్ అనే గుర్తు పెట్టింది, మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా కట్టడి చేసింది. ఇప్పుడు రెండు బాణాలు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని. ఆ రెండు బాణాలు చూసిన చోట మీరు తప్పకుండా అడగండి: ఎప్పటిది, ఎక్కడిది, ఎవరన్నారు?

ఇంకొక్కటి. తప్పు వార్త తేలితే తీసేసి ఊరుకోకండి. అప్పటికే చూసినవాళ్ళ మనసులో అది ఉండిపోతుంది. పెట్టిన మనిషి చేతనే అదే గ్రూపులో ‘ఇందాక నేను పెట్టింది తప్పు, సంగతి ఇది’ అని రాయించండి. అప్పుడు ఎవరినీ నవ్వనివ్వకండి, దెప్పనివ్వకండి, చప్పట్ల బొమ్మలు కూడా వద్దు. ప్రేయర్లో ఆ పిల్లవాడు చదివినప్పుడు వరసలన్నీ చూస్తూ నేను నిలబడినట్టు మీరు నిలబడండి. మొదటిసారి మీ తప్పే మీరు దిద్దుకుంటే ఇంకా మంచిది, మిగతావాళ్ళకు ధైర్యం వస్తుంది.

అక్టోబర్‌లో మళ్ళీ ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. మన జిల్లాల చెరువులు నిండేది అప్పుడే, కట్టల మీద కళ్ళు పెట్టుకుని కూర్చునేదీ అప్పుడే. మా చెల్లెలి ఊరి గ్రూపులో 240 మంది ఉన్నారు. వాళ్ళ అడ్మిన్‌తో పోయిన ఆదివారం మాట్లాడాను. గ్రూపు వివరాల్లో మొదటి లైనుగా ‘తేదీ, ఊరు, ఎవరు చెప్పారు’ అని పెట్టాడు. దాని కింద జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్రానిది 1070 రాశాడు. చెరువు సంగతి ఏది వచ్చినా కట్ట దగ్గర ఉండే ఇద్దరు మనుషులకు ఫోన్ చేసి కనుక్కున్నాకే పెట్టాలని వాళ్ళు అనుకున్నారు. ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు.

మీ ఊరి చెరువు కట్ట దగ్గర ఎవరుంటారో, ఎవరికి ఫోన్ చేయాలో వానలు రాకముందే కనుక్కోండి. ఎట్లా మొదలుపెట్టాలో తోచకపోతే నన్ను పిలవండి. ఏ ఊరైనా వస్తాను, కాకపోతే పొద్దున పూట పెట్టుకోండి, సాయంత్రం బస్సుకి ఇంటికి చేరాలి.

మీ సోషల్ టీచర్,
తిరుపతి